అమ్మ ఎక్కే బస్సు

"ఇది పక్కా ఫ్యామిలీ ఏరియా మేడమ్!"

హైదరాబాద్ నుంచి విశాఖకు బదిలీ చేయించుకుని వచ్చిన కొత్తలో, అద్దె ఇల్లు వెతుక్కున్న నెలరోజుల్లో, ఈ మాట నేను కనీసం పదిహేను సార్లు విన్నాను. చెప్పే బ్రోకరు మారాడు, చూపించే పేట మారింది... మాట మాత్రం మారలేదు. ఇంతకీ ఫ్యామిలీ ఏరియా అంటే ఏమిటి? ఒకాయన లెక్కలో చుట్టుపక్కల బ్యాచిలర్లు లేకపోవడం. ఇంకొకాయన లెక్కలో కూతవేటు దూరంలో కార్పొరేట్ స్కూలు ఉండటం. మూడో ఆయన సెల్లార్లో ఒకవైపు గొలుసు తెగిన ఉయ్యాల చూపించి 'చిల్డ్రన్స్ ప్లే ఏరియా' అన్నాడు. ఆ ఉయ్యాల మీద ఎవరో లుంగీ ఆరేసి ఉన్నారు.

పాపం, వాళ్ల తప్పేం లేదు. మా ఫ్యామిలీయే ఒకచోట ఇమిడేది కాదు. మావారికి పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం దొరికింది. నా ఆఫీసు ఊరి మధ్యలో. అమ్మాయి ఏడో తరగతి. అబ్బాయి రెండో తరగతి... వాడికి ఆయాసం. చలి మొదలైతే నెబులైజర్ బయటికి తీయాల్సిందే. ఇక అమ్మ. ఒక్కతే, పద్మనాభంలో.

పరవాడ విశాఖకు ఆ చివర. పద్మనాభం ఈ చివర. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కూడా పద్మనాభం విశాఖ జిల్లాలోనే ఉండిపోయింది కాబట్టి కాగితం మీద చూస్తే అమ్మదీ మాదీ ఒకే జిల్లా. దారిలో పడితే తెలుస్తుంది దూరం.

మా ఊరు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పక్కన గోస్తనీ నది. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి. పైకి వెళ్లాలంటే వెయ్యికి పైగా మెట్లు. పేష్కస్ బకాయిల తగాదా ముదిరి, విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో తలపడి ప్రాణాలు వదిలింది ఇక్కడే... 1794 జులై 10న. "రాజులే యుద్ధానికి మా ఊరు వెతుక్కుంటూ వచ్చారు. మీకేమో పండక్కి రావడం దూరం" అని అమ్మ ఎత్తిపొడుపు. ఏటా కార్తీకమాసం చివరి అమావాస్యనాడు ఆ మెట్లన్నిటి మీదా దీపాలు పెడతారు. చూసి తీరాలి. నాన్న పోయాక కూడా అమ్మ ఆ దీపం ఒక్క ఏడాదీ మానలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. టీవీలో విశాఖ విమానాశ్రయం పైకప్పు చూస్తున్నాను, ఫోన్‌లో అమ్మ నంబరు నొక్కుతున్నాను. సెల్ టవర్లు పడిపోయాయి. నాలుగు రోజుల తర్వాత ఎవరిదో నంబరు నుంచి ఫోనొచ్చింది. "బాగానే ఉన్నానమ్మీ. కరివేపాకు చెట్టు పోయింది" అంది. అంతే! ఆ రోజే అనుకున్నాను, ఆ దగ్గరికి వెళ్లిపోవాలని. అనుకున్నది చెయ్యడానికి పదేళ్లు పట్టింది. అదీ, ఒక కార్తీక అమావాస్యనాడు దీపం పెట్టి దిగుతూ అమ్మ మెట్ల మీద జారిపడి, ఆ సంగతి నాకు చెప్పకుండా దాచి, ఎదురింటావిడ నోరు జారితే నాకు తెలిశాక.

అమ్మనే మాతో తెచ్చేసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. అడిగాం. "గేదెకి కుడితి ఎవరెడతారు?" అంది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

సరే, వేట మొదలైంది. మావారి ఓటు గాజువాక, కూర్మన్నపాలెం వైపు. న్యాయమే. కంపెనీ బస్సు గుమ్మం ముందు ఆగుతుంది. పక్కనే ఉక్కునగరం... స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్. చెట్లు, వెడల్పాటి రోడ్లు, ఆటస్థలాలు. ఊళ్లో ఫ్యామిలీ ఏరియా అనే మాటకు అసలైన అర్థం ఆ గోడల లోపల ఉంది. అయితే అది ఆ ప్లాంటు ఉద్యోగుల కోసం కట్టుకున్న ఊరు. మేం గోడ బయట అద్దె ఇళ్లు చూశాం. ఒక ఇంటి మేడ మీద పిట్టగోడ తుడిచి వేలు చూసుకున్నాను. మావారు నవ్వారు గానీ, చేతిలో ఉన్న వాటర్ బాటిల్ అందించారు.

విశాఖలో ఇల్లు చూసేవాళ్లు మ్యాపు కంటే ముందు కొండల్ని చూడాలని నాకు చెప్పింది ఆయనే. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు. దక్షిణాన యారాడ కొండ. మధ్యలో గిన్నెలాంటి పల్లం. పోర్టు, రిఫైనరీ, ఫ్యాక్టరీలు, పాతనగరం అన్నీ ఆ గిన్నెలోనే. పొగైనా పొడైనా అందులో పడితే తేలిగ్గా బయటికి పోదు. బొగ్గు పొడి గురించి పాతనగరం వాళ్లు దశాబ్దాలుగా మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ గిన్నే ఈ ఊరికి లక్షల మందికి తిండి పెట్టింది, అదీ నిజమే. 1933లో రేవు తెరుచుకోకపోతే, 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో జనం రోడ్డెక్కకపోతే ఇక్కడ మాకు ఉద్యోగాలెక్కడివి? కానీ ఆయాసమున్న పిల్లాడి తల్లికి ఈ చరిత్ర చెబితే ఒక చెవితో వింటుంది. రెండో చెవి పక్కగదిలో వాడి ఊపిరి మీద ఉంటుంది.

ఎంవీపీ కాలనీ చూశాం. మువ్వలవానిపాలెం అనే పల్లె పేరే అలా మూడక్షరాలైంది. సెక్టార్లు, పార్కులు, రైతుబజారు, కాస్త నడిస్తే సముద్రం. నాకు తెగ నచ్చింది. అద్దె విన్నాక ఇద్దరం కాఫీ తాగి వచ్చేశాం.

అడవివరం వైపు కూడా వెళ్లాం. అప్పన్న కొండ నీడలో ఇల్లంటే అమ్మ మురిసిపోతుందని. మేం అద్దెకే కాబట్టి మాకు ఇబ్బంది లేదు గానీ, అక్కడ కొనాలనుకునేవాళ్లు మాత్రం పంచగ్రామాల భూసమస్య గురించి గట్టిగా కనుక్కోవాలి. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి... ఈ ఐదు ఊళ్లలో సింహాచలం దేవస్థానానికీ ఇళ్లు కట్టుకున్నవాళ్లకీ మధ్య తగాదా ఏళ్లకేళ్లుగా నలుగుతోంది. మాకు ఇల్లు చూపించినాయన దాని ఊసే ఎత్తలేదు. పైమెట్టు మీద నిలబడి గాలి ఎంత బాగా వస్తుందో చెప్పాడు.

చివరికి ఇద్దరికీ మధ్యేమార్గంగా గోపాలపట్నం దగ్గర ఒక ఇల్లు కుదిరేలా కనిపించింది. మావారి కంపెనీ బస్సు ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాకా వస్తుంది. నా ఆఫీసు దూరమేం కాదు. ఇంటావిడ మంచి మనిషి. అద్దె మా చేతికందేది. వెంకటాపురం పేరు వినగానే 2020 మే 7 తెల్లవారుజాము గుర్తొచ్చింది నాకు. స్టైరీన్ వాయువు లీకై, నిద్రలో ఉన్న జనం రోడ్ల మీద కుప్పకూలిన రోజు. పన్నెండు మంది పోయారు. ఇంటావిడ కూడా ఆ మాట తనే ఎత్తింది. "ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు నడవట్లేదమ్మా" అంది. మావారు రసాయనాల మనిషి. ఆయన ఇంటి నుంచి ఎటెటు ఏమేమున్నాయో రాసుకుని వచ్చి, ఫర్వాలేదు అన్నారు. అడ్వాన్సు ఇవ్వడమే తరువాయి.

ఇచ్చే ముందురోజు అమ్మను రమ్మన్నాను. "నేను తీసుకొస్తాను" అంటే ఒప్పుకోలేదు. "రేపు నువ్వు ఆఫీసులో ఉంటే ఎవరు తీసుకొస్తారు? నేనే రావాలి కదా. గోస్తనీ నీళ్లు తాటిపూడి నుంచి గొట్టాల్లో మీ ఊరొస్తున్నాయి, నేను రాలేనేటి?" అంది. అమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. 1960ల్లో కట్టిన తాటిపూడి జలాశయం నీళ్లే విశాఖలో చాలా కుళాయిల్లో వచ్చేది.

అమ్మ దారి ఇదీ. పద్మనాభంలో ఆటో, తగరపువలసలో బస్సు, ఎన్‌ఏడీలో దిగి మళ్లీ ఆటో. పదకొండుకు రావాలి. పదకొండున్నరైంది. పన్నెండైంది. ఫోను ఎత్తదు. బస్సు హోరులో వినపడదని నాకు తెలుసు, అయినా కాళ్లు నిలవలేదు. పన్నెండుంపావుకు కొత్త నంబరు. టీ కొట్టాయన. "మీ అమ్మగారు ఇక్కడ కూర్చున్నారండీ, టీ ఇచ్చాను" అన్నాడు.

వెళ్లాను. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ చూశారుగా... పైన గుండ్రంగా తిరిగే రోడ్డు, కింద అన్ని దిక్కులకూ రోడ్లు. కొత్తవాళ్లకు ఏది ఎటు పోతుందో అంతుపట్టదు. అమ్మ స్తంభం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో సంచి. సంచిని రెండు చేతులతో పట్టుకుంది. వెయ్యి మెట్లెక్కి దీపం పెట్టే మనిషి, తుపానుకు చెట్టు పోయిందని మాత్రమే చెప్పిన మనిషి... నన్ను చూసి లేవబోయి, లేవలేక, "ఎటెళ్లాలో తెలీలేదమ్మీ" అంది చిన్న గొంతుతో. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఇల్లు చూసి "బాగుంది" అంది. మావారు నాకేసి చూశారు. అడ్వాన్సు ఇవ్వలేదు.

ఆ రాత్రి మా ఇద్దరికీ వాదన జరిగింది. "అత్తయ్య వారానికి ఒకసారి వస్తారు. నేను రోజూ వెళ్లాలి. ఆ సంగతి ఆలోచించావా?" అన్నారాయన. ఆలోచించలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? వారానికి ఆరు రోజుల ప్రయాణం ఎక్కువా, ఒక రోజు ప్రయాణం ఎక్కువా అంటే చిన్నపిల్లలు కూడా లెక్క చెబుతారు. నేను జవాబు చెప్పకుండా పడుకున్నాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆయనే, "మధురవాడలో చూద్దాంలే. పిల్లాడికి కూడా కొండకు అవతల నయం" అన్నారు. పిల్లాడి వంక పెట్టారు గానీ, ఎన్‌ఏడీ స్తంభం పక్కన అమ్మను దిగబెట్టిన ఫొటో ఒకటి ఆయన కళ్లలోనూ ఉండిపోయిందని నాకు తెలుసు.

మధురవాడ కూడా స్వర్గమేం కాదు. హైవే రెండు వైపులా అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి. లారీలు, బస్సులు, ఐటీ కొండకు పోయే కార్లు. పిల్లలున్నవాళ్లు ముందు చూడాల్సింది హైవేకి ఏ వైపు స్కూలు, ఏ వైపు ఇల్లు అన్నది. బ్రోకర్లు ఇది చెప్పరు. వాళ్లు ఆదివారం ఉదయం తీసుకెళ్తారు, అప్పుడు రోడ్డు ఖాళీ! నేను బుధవారం సాయంత్రం నాలుగింటికి వెళ్లి, స్కూలు వదిలే వేళ అరగంట నిలబడ్డాను. మా అమ్మాయి దాటగలదా అని. చూశాక, స్కూలు, ఇల్లు ఒకే వైపు ఉండాలని తీర్మానించుకున్నాం.

ఏ వైపు అన్నది మాత్రం అమ్మ తేల్చింది. తగరపువలస నుంచి ఊళ్లోకి వచ్చే బస్సు సముద్రం వైపున ఆగుతుంది. తిరుగు బస్సు అవతలి వైపున. ఎటు తీసుకున్నా ఒకసారి దాటాల్సిందే కదా అని నేను తలపట్టుకుంటే, అమ్మ తేలిగ్గా చెప్పేసింది. "వెళ్లేటప్పుడు దాటించడానికి మీరుంటారు. వచ్చేటప్పుడు కదా నేనొక్కదాన్నీ!"

సముద్రం వైపున తీసుకున్నాం. రెండో అంతస్తు. లిఫ్ట్ ఉందన్నారు, నెలలో సగం రోజులు ఉంటుంది.

మావారు ఇప్పుడు ఐదింటికి ముందే లేస్తారు. ఎన్‌ఏడీ దాకా బండి, అక్కడి నుంచి కంపెనీ బస్సు. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అబ్బాయి అప్పటికి సగం నిద్రలో ఉంటాడు. వారంలో నాన్నను కళ్లు తెరిచి చూసేది ఆదివారమే. ఇది ఎన్నాళ్లు సాగుతుందో మేం మాట్లాడుకోవడం లేదు.

అమ్మ గురువారం వస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక ఆధార్ కార్డును పసుపు రంగు పర్సులో పెట్టుకుని మెడలో వేలాడదీసుకుంటోంది. పదకొండింటికి దిగుతుంది. కూరగాయల సంచి, పాలసీసా. నాలుగింటికల్లా లేచి నిలబడుతుంది. ఉండమంటే కుడితి మాటే. అమ్మాయి స్కూలు నుంచి వచ్చే దాకా ఆగి, దానికి జడ వేసి, అప్పుడు బయల్దేరుతుంది. నేను వీలు చేసుకుని వస్తే నేను, లేకపోతే కింద వాచ్‌మన్ భార్య, అమ్మను అవతలికి దాటించి బస్సెక్కిస్తాం.

పోయిన గురువారం స్టవ్ పక్కన స్టీలు క్యారియరు ఉంది. మూత తీయబోతే అమ్మాయి అడ్డం వచ్చింది. "అది నాన్నకట. ఎనిమిదిన్నరకి వేడి చేసి పెట్టమంది అమ్మమ్మ. మనం తీయకూడదట."