పక్షవాతము వంశశాపమా?

పక్షవాతమును కొందఱు గాలి సోకుట యందురు. కొందఱు వంశశాప మందురు. మెదడునకు రక్తము గొనిపోవు నాళము పూడుకొనుటయో, పగులుటయో దీనికి కారణము. పూడుకొనుటయే హెచ్చు.

గాయమైన వ్రేలు ఎఱ్ఱబడి వాచుట మనమెఱిగినదే. అట్టి తాపమే రక్తనాళములలో, క్రొవ్వు పేరుకొన్నచోట, ఏండ్లతరబడి కానరాకుండ సాగును. తుదకు ఆ క్రొవ్వుపొర చిట్లి, రక్తము గడ్డకట్టి, దారి మూసికొనును. ఈ తాపమును రగుల్చు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థములను, చల్లార్చు ఇంటర్‌ల్యూకిన్-10 ను శరీరమే తయారుచేసికొనును. ఏది యెంత పుట్టవలయునన్న విషయమున జన్యువులకు పాలు కలదు. ఆ జన్యువులు అందఱికి నొక్కతీరున నుండవు.

హైదరాబాదున డాక్టరు అంజనా మున్షీ, డాక్టరు సుభాష్ కౌల్ మొదలగువారు మన దక్షిణాది రోగులను పరీక్షించి, ఇంటర్‌ల్యూకిన్-10 జన్యువునందలి యొక భేదమునకును పక్షవాతమునకును సంబంధము కలదని 2010లో ప్రకటించిరి. సంబంధ మున్నంతమాత్రమున రోగము తప్పదని కాదు. ఆ యేడే 22 దేశముల పరిశోధన వెలువడినది. అందు మన దేశమును కలదు. రక్తపుపోటు, పొగ, మధుమేహము మున్నగు 10 కారణములే నూటికి 90 పాళ్ల ముప్పునకు మూలమని తేలినది.

విశాఖపట్టణమున మా వీథిలో, తండ్రికిని తాతకును పక్షవాతము వచ్చెనని యొక కన్యకు కుదిరిన సంబంధము వదలుకొనిరి. ఆ వదలుకొన్న యింటనే ముసలమ్మగారు అడ్డచుట్ట కాల్చుదురు. ఎండుచేప, ఊరగాయ లేనిదే ముద్ద దిగదు. రక్తపుపోటు చూపించుకొన్నవారే లేరు. కన్య రక్తమును శంకించినవారు తమ వంటింటిని శంకింపరైరి!

సోదరీమణులారా! వంశమున నీ రోగమున్నచో అది శాపము కాదు, ముందుగా వచ్చిన హెచ్చరిక. ఉప్పు తగ్గింపుడు. చుట్ట మాన్పింపుడు. ఓడరేవునను ఉక్కు కర్మాగారమునను రాత్రిపాళి చేసి వచ్చువారికి, నలుబదియేండ్లు దాటినవారికి, రక్తపుపోటు చూపింపుడు. మందు మొదలిడినచో, ఒంట్లో బాగున్నదని మానివేయనీయకుడు.

మూతి వంకరపోయినను, చేయి లేవకున్నను, మాట తడబడినను, తైలమర్దనమునకును పావురపు నెత్తురునకును కాలము వ్యర్థపుచ్చక, ఆ గడియను గుర్తుంచుకొని, మెదడును ఛాయాచిత్రము తీయు వసతిగల ఆసుపత్రికి గొనిపొండు. గడ్డను కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే యియ్యవలయును. జన్యువులను మనము మార్చలేము. ఆ గంటలు మాత్రము మన చేతిలోనివి.