కల్లెడ... పరుగు నేర్చిన పల్లె!

వరంగల్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి వేయిస్తంభాల గుడీ, ఖిల్లాలోని రాతి తోరణాలూ, భద్రకాళి చెరువూ. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ల బండ్లన్నీ అటే తిరుగుతాయి. పర్వతగిరి వైపు వెళ్లేది మాత్రం ఎక్కువగా ఎనుమాముల మార్కెట్లో పత్తో మిర్చో అమ్ముకుని ఇంటిదారి పట్టిన రైతులే. ఆ పర్వతగిరి మండలంలోనే ఉంది కల్లెడ.

చూడబోతే మామూలు ఊరే. వానలు బాగుంటే పత్తి, నీళ్లుంటే వరి, రెండూ లేకపోతే కూలి. చూడ్డానికంటూ కోటలూ లేవు, కొండలూ లేవు. కానీ ఈ ఒక్క పల్లె నుంచే ఒకమ్మాయి ఒలింపిక్స్‌కి వెళ్లింది. మరొకమ్మాయి పారాలింపిక్స్‌కి వెళ్లి పతకం పట్టుకొచ్చింది. జిల్లా కేంద్రాలు ఎన్నిటికి ఉంది ఆ భాగ్యం?

ఏమిటీ ఊరి మహత్యం అని అడిగితే అందరి వేలూ ఒకవైపే చూపిస్తుంది... బడి. ఈ ఊరివాడే అయిన ఎర్రబెల్లి రామ్మోహన్ రావు 1996లో గ్రామీణాభివృద్ధి ఫౌండేషన్ పేరుతో ఇక్కడ పాఠశాల పెట్టారు. ఊళ్లో అందరూ దాన్ని ఆర్డీఎఫ్ స్కూల్ అనే అంటారు. చదువుతో పాటు ఆటలకీ అక్కడ చోటిచ్చారు. పిల్లల చేతికి విల్లు కూడా ఇచ్చారు!

ఆ విల్లు పట్టుకున్న పిల్లల్లో ఒకరు వర్ధినేని ప్రణీత. కల్లెడలో మొదలుపెట్టి జంషెడ్‌పూర్‌లోని టాటా ఆర్చరీ అకాడమీ దాకా వెళ్లింది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్లిన భారత మహిళల విలువిద్య జట్టులో ముగ్గురుంటే, డోలా బెనర్జీ, బొంబేలా దేవిల పక్కన మూడో అమ్మాయి ప్రణీతే. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. మొదటి రౌండ్లో ఆస్ట్రేలియా అమ్మాయిని ఓడించింది. రెండో రౌండ్లో ఉత్తర కొరియా ఆర్చర్ చేతిలో ఓడింది. జట్టు క్వార్టర్ ఫైనల్లో చైనాకి తలవంచింది. పతకం రాలేదు. కానీ కల్లెడ పిల్లలకి ఒలింపిక్స్ అనేది టీవీలో కనిపించే వింత కాదని, తమ బడిలో చదివిన అక్క వెళ్లొచ్చిన చోటేనని తెలిసింది.

ఇక రెండో అమ్మాయి జీవాంజి దీప్తి. పుట్టింది 2003 సెప్టెంబరు 27న. అమ్మానాన్నలకి కూలి దొరికిన రోజే పొయ్యి వెలిగేది. పాప మిగతా పిల్లల్లా లేదు. మాట ఆలస్యం, అర్థం చేసుకోవడం ఆలస్యం. అంతా గ్రహణం మహిమేనని చుట్టుపక్కల వాళ్లు తేల్చేశారు. నిజానికి ఆ అమ్మలక్కల మాటలే పాపకి పట్టిన అసలు గ్రహణం. పిచ్చిదన్నారు, కోతన్నారు. అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. పిల్ల ఏడుస్తూ ఇంటికొస్తే తల్లి తీపి అన్నం వండి పెట్టేది. చేతిలో నాలుగు డబ్బులుంటే కోడికూర. ఈ సంగతులన్నీ ఆ తల్లే తర్వాత పత్రికలవాళ్లకి చెప్పుకుంది. ఇల్లు గడవక ఉన్న కాస్త పొలమూ అమ్ముకున్నారు.

దీప్తీ చదివింది అదే బడిలో. పాఠాల్లో వెనకబడిన పిల్ల మైదానంలో మాత్రం అందరికంటే ముందుండేది. అది మొదట కనిపెట్టింది బడిలోని పీఈటీ సార్.

ఇక్కడ కాస్త దారి మళ్లి అమెరికా వెళ్లొద్దాం. అక్కడివాళ్ల ఫుట్‌బాల్‌లో లైన్‌మన్ అని ఉంటారు. జట్టు దాడికి దిగినప్పుడు ముందు వరసలో ఐదుగురు నిలబడతారు. మామూలుగా వాళ్లకి బంతి అందదు. మీదకొచ్చే భారీకాయుల్ని ఒంటితో అడ్డుకుని వెనకున్నవాడికి దారివ్వడమే పని. పదేళ్లు ఆడి రిటైరైనా వాళ్ల పేరు మీద ఒక్క స్కోరూ ఉండకపోవచ్చు. మన పల్లెల్లో పీఈటీ సార్లదీ ఇంచుమించు అదే ఉద్యోగం. పతకం మెడలో పడేటప్పుడు వాళ్లు ఫొటోలో ఉండరు. మూడో పీరియడ్‌లో లెక్కల సార్ రాకపోతే క్లాసు చూసుకోమని పంపేదీ వాళ్లనే!

దీప్తికి అలా అడ్డు నిలబడినవాళ్లు వరసగా దొరికారు. పీఈటీ సార్ తర్వాత అథ్లెటిక్స్ కోచ్ నాగపురి రమేశ్. 2016లో ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఆయన ఈ పిల్ల పరుగు చూసి హైదరాబాద్ పంపమన్నారు. బస్సు చార్జీలకే వెతుక్కోవాల్సిన ఇల్లది. ఎలాగో పంపారు. అక్కడ బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ కంట పడింది. పరీక్షలు చేయించమని చెప్పింది ఆయనే. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సంస్థలో చేసిన పరీక్షల్లో, ఊరంతా అన్నేళ్లుగా వెక్కిరించిన దానికి ఒక పేరు ఉందని తేలింది. మేధోపరమైన వైకల్యం. పారా క్రీడల లెక్కలో టి20 విభాగం.

ఈ విభాగంలోకి రావడం అంత తేలిక కాదు. దానికో కారణం ఉంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు ఈ విభాగంలోనే స్వర్ణం గెలిచింది. తర్వాత చూస్తే పన్నెండు మందిలో పదిమందికి అసలు ఏ లోపమూ లేదు! ఆ మోసంతో మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లందరికీ పారాలింపిక్స్ తలుపులు మూసేశారు. మళ్లీ తెరిచింది 2012 లండన్‌లోనే. అప్పట్నుంచీ వడపోత గట్టిగా ఉంటుంది. ఎవరో చేసిన తప్పుకి ఎక్కడో కల్లెడ పిల్ల కూడా పరీక్ష మీద పరీక్ష రాయాల్సి వచ్చింది. 2022లో వర్గీకరణ కోసం మొరాకో దాకా వెళ్లొచ్చింది.

ఇక పరుగు. నాలుగు వందల మీటర్లంటే ట్రాక్ చుట్టూ సరిగ్గా ఒక రౌండు. వంద మీటర్ల పరుగులా కళ్లు మూసుకుని దూసుకెళ్తే కుదరదు. మొదట్లోనే బలమంతా ఖర్చు పెడితే చివరి వందలో కాళ్లు బండలవుతాయి. మొదట దాచుకుంటే తర్వాత అందుకోలేం. ఎప్పుడు ఎంత అన్నది లెక్క. లెక్కలంటేనే కష్టమైన అమ్మాయి ఆ లెక్కని కాళ్లతో నేర్చుకుంది.

2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడలు. 56.69 సెకన్లలో స్వర్ణం. కేంద్రం నుంచి బహుమతిగా వచ్చిన డబ్బుతో ఆ ఇల్లు చేసిన మొదటి పని మళ్లీ పొలం కొనుక్కోవడం. పట్నంలో అయితే కారో ఫ్లాటో కొనేవాళ్లేమో!

2024 మే 20. జపాన్‌లోని కోబేలో ప్రపంచ పారా అథ్లెటిక్స్. అమెరికాకి చెందిన బ్రియానా క్లార్క్ పేరిట 55.12 సెకన్ల ప్రపంచ రికార్డు ఉంది. దీప్తి 55.07లో ముగించింది. తేడా సెకనులో ఇరవయ్యో వంతు. దూరంలో చెప్పాలంటే జానెడున్నర. ఆ జానెడున్నరతో కల్లెడ పిల్ల ప్రపంచ రికార్డు రాసింది.

అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్ ఫైనల్. అప్పటికి రికార్డు చేజారింది. టర్కీకి చెందిన ఐసెల్ ఓండర్ హీట్స్‌లోనే 54.96 పరిగెత్తింది. ఫైనల్లో మాత్రం ఆమెనీ దాటి ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షులియార్ 55.16తో స్వర్ణం ఎత్తుకెళ్లింది. ఐసెల్‌కి రజతం, 55.82తో దీప్తికి కాంస్యం. మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయురాలు ఆమే. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో ఐదు వందల గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. కేంద్రం అర్జున అవార్డు ఇచ్చింది. ఒకప్పుడు ఎక్కడన్నా వదిలేయమన్న నోళ్లే మా ఊరి పిల్ల అన్నాయి. అనడం తేలికే.

కల్లెడ వెళ్లాలనుకునేవాళ్లు హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం కూడా ఓసారి చూసి వెళ్లొచ్చు. అక్కడి సింథటిక్ ట్రాక్ మీదే 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. సునీతా రాణి పేరిట 2002 నుంచీ చెక్కుచెదరని 1500 మీటర్ల జాతీయ రికార్డుని హర్మిలన్ బైన్స్ బద్దలు కొట్టింది ఆ పోటీల్లోనే. ట్రాక్ బాగుంది. కాకపోతే కల్లెడ లాంటి ఊళ్ల పిల్లలకి రోజూ పొద్దున్నే వచ్చి సాధన చేసుకునేంత దగ్గర్లో లేదు. వాళ్లకింకా బడి ముందున్న మట్టే దిక్కు.

దీప్తి పరుగు ఆగలేదు. 2025లో ప్రపంచ పారా అథ్లెటిక్స్ దిల్లీకి వచ్చాయి. మళ్లీ ఐసెల్ ఓండరే ముందుంది. దీప్తికి రజతం.