ప్రార్థన కొండ నుండి గుండ్లకమ్మ వరకు

ఒంగోలు చుట్టుపట్ల పల్లెల వారమైన మనము ఆ పట్టణమునకు ఎన్నోసార్లు వెళ్లి ఉంటాము. పొగాకు అమ్మకానికి వెళ్తాము, ఆసుపత్రికి వెళ్తాము, కోర్టు పని మీద వెళ్తాము. పని ముగించుకొని చీకటి పడకముందే బస్సు ఎక్కి వస్తాము. తెలుగు నాట సువార్త చరిత్రలో ఎంతో గొప్ప కార్యము జరిగిన చోటికి వెళ్లి వచ్చామన్న తలంపు మనలో చాలామందికి రాదు. అందుచేత మా సంఘములోని పెద్దలము, యౌవనస్థులము కలిసి, ఒక దినము ప్రత్యేకించి ఆ స్థలములను చూడటానికే బయలుదేరాము. అక్కడ చూచినవి, తలపోసినవి, చిన్నవారిని విశ్వాసములో నడిపించే బాధ్యతగల ప్రతివారికి పనికివస్తాయని ఇక్కడ వ్రాస్తున్నాము.

కొండమీద ఐదుగురు

తెల్లవారుజామున ముందుగా ప్రార్థన కొండ ఎక్కాము. పెద్ద కొండ కాదు. మాతో వచ్చిన డెబ్బదియేండ్ల అవ్వ కూడ మధ్యలో రెండుసార్లు కూర్చొని పైకి వచ్చింది. పైనుండి చూస్తే పట్టణమంతా ఇళ్లు, మేడలు, సెల్ టవర్లు. 1854 జనవరి 1వ తేదీ ఉదయము ఈ కొండ ఎక్కినవారికి కనబడినది వేరు. అప్పుడు ఒంగోలులో సంఘము లేదు, మిషను బంగళా లేదు. ఆ ఉదయము పైకి వచ్చినది ఐదుగురే. నెల్లూరు నుండి వచ్చిన మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు: క్రిస్టియన్ నెర్సు, జూలియ, రూతు. ఒకరి తరువాత ఒకరు ఐదుగురూ ప్రార్థించారు. ఈ చీకటి ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని దేవుని అడిగారు.

అప్పటి పరిస్థితి ఎటువంటిదో గమనించండి. శామ్యూల్ డే దొరగారు నెల్లూరులో పని మొదలుపెట్టినది 1840లో. పదమూడేండ్లు గడిచినా విశ్వాసులు బహు కొద్దిమంది. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణములో మిషను పెద్దలు కూడి, తెలుగు మిషనును మూసివేయుదమా అని చర్చించారు. పటము మీద ఒంటరి నక్షత్రమువలె ఉన్నదని దానికి పేరు కూడ పడింది. ఆ మాటలు జరిగిన కొద్ది నెలలకే ఈ ఐదుగురు కొండ ఎక్కి, ఇంకా రాని సేవకుని కొరకు ప్రార్థించారు.

సేవకుడు వెంటనే రాలేదు. పదకొండేండ్లు పట్టింది. ఆరోగ్యము చెడి అమెరికా వెళ్లిన జూయెట్‌గారు తిరిగి వచ్చేటప్పుడు అదే ఓడలో జాన్ క్లౌ అనే యువకుని వెంటబెట్టుకొని వచ్చారు. 1864లో ఓడ ఎక్కేనాటికి క్లౌగారికి ఇరువది ఎనిమిదేండ్లు, జూయెట్‌గారికి ఏబది దాటింది. వచ్చీరాగానే యువకుని ఒంటరిగా ఒంగోలు పంపలేదు. నెల్లూరులో తన దగ్గర ఉంచుకొని, భాష నేర్చుకోనిచ్చి, పల్లెలు తిరగనిచ్చి, 1866లో ఒంగోలుకు సాగనంపారు. ప్రార్థించిన వాడే వెళ్లి తోడు తెచ్చుకొన్నాడు. తెచ్చుకొన్న వానిని సిద్ధపరచి, తరువాత పని అతని చేతికి అప్పగించాడు.

పేరయ్య నడిచిన దారి

కొండ దిగి బస్సులో కూర్చున్న తరువాత మా సంఘ పెద్ద ఒకరు యౌవనస్థులకు యర్రగుంట్ల పేరయ్యగారి సంగతి చెప్పారు. తాళ్లకొండపాడు మాదిగపల్లెలో పుట్టి తోళ్ల వ్యాపారము చేసుకొనే మనిషి. దేవుని వెదకుచు గురువుల వెంట తిరిగినవాడు. వ్యాపారము మీద ఉత్తరపు జిల్లాలకు వెళ్లినప్పుడు సువార్త విని, 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందాడు. తరువాత ఊరక ఇంట్లో కూర్చోలేదు. భార్యాభర్తలిద్దరు బంధువుల పల్లెలన్నిటికి వెళ్లి, తెలిసినదేదో చెప్పి, క్లౌగారిని రమ్మని పిలిచారు. 1867 జనవరిలో తాళ్లకొండపాడు దగ్గర డేరాలు వేసి బోధిస్తే, ఇరువది ఎనిమిదిమంది బాప్తిస్మము పొందారు.

అక్కడినుండి శ్రమలు మొదలైనవి. ఆదివారము పని చేయము, చచ్చిన పశువుల మాంసము తినము, విగ్రహములకు మ్రొక్కము అని ఈ కొత్త విశ్వాసులు నిలబడ్డారు. జాతరలలో డప్పు కొట్టుటకు రామన్నారు. తరతరాలుగా ఊరి వెట్టి చేసినవారు ఒక్కసారిగా అలా అనేసరికి ఊరి పెద్దలకు కోపము వచ్చింది. నీళ్లు తోడుకోనివ్వలేదు. చాకలిని, మంగలిని రానివ్వలేదు. కూలి ఇవ్వలేదు. లేనిపోని నేరములు మోపి కొందరిని జైలుకు కూడ పంపారు.

ఇటువంటప్పుడు నిన్నగాక మొన్న నమ్ముకొన్నవాడు, చదువు రానివాడు, ఎలా నిలిచాడు? పేరయ్య వంటి పెద్దలు పల్లెపల్లెకు నడిచి వెళ్లి వారి మధ్య కూర్చున్నందున నిలిచాడు. మూడు నెలలకొకసారి బోధకులందరు ఒంగోలు వచ్చి కూడుకొనేవారు. తమ పల్లెలలో ఎవరికి ఏ శ్రమ వచ్చిందో చెప్పుకొని, కలిసి ప్రార్థించి, వాక్యము నేర్చుకొని, మరల పల్లెలకు వెళ్లేవారు. దూరపు పల్లెల బోధకులు వచ్చేది కాలి నడకనే. ఈ రాకపోకల వలననే సంఘములు చెదిరిపోక నిలిచినవి.

కాలువ గట్టున

ఒంగోలుకు తూర్పున సముద్రపు ఒడ్డు వెంట బకింగ్‌హాం కాలువ ఉంది. పడవలు తిరగడము ఆగిపోయి చాలా కాలమైంది. చాలాచోట్ల తుంగ పెరిగి, పూడిపోయి ఉంది. మా పిల్లలలో కొందరు దీనిని మురుగు కాలువ అనుకొన్నారు. అయితే ఈ గట్టు మీద నిలబడినప్పుడు మా పెద్దలకు నోట మాట రాలేదు.

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతట గొప్ప కరువు వచ్చింది. వానలు లేవు, గింజ లేదు, ఆకులు అలములు తిని జనము చచ్చారు. వెనుకనే కలరా వచ్చింది. అప్పుడు ప్రభుత్వము కరువు పనిగా ఈ కాలువ త్రవ్విస్తుంటే, క్లౌగారు సుమారు మూడున్నర మైళ్ల భాగము తానే కంట్రాక్టుకు తీసుకొన్నారు. తన పల్లెల జనము దూరపు కరువు క్యాంపులకు పోయి చావకుండ, ఇక్కడ కష్టపడి కూలి తెచ్చుకొంటారని ఆయన ఉద్దేశము. మగవారు పారలతో త్రవ్వితే ఆడవారు తట్టలతో మన్ను మోశారు. ఆయన బోధకులే మేస్త్రీలు. ఒక్కొక్కరి క్రింద కొందరు పనివారు. మధ్యాహ్నము పని ఆపి జనము నీడన చేరినప్పుడు, బోధకుడు కూడ ఆ మట్టి కాళ్లతోనే వారి మధ్య కూర్చొని మాట్లాడేవాడు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఏడిస్తే వినేవాడు. ఆ జనము గుడికి రాగలిగే స్థితిలో లేరు. కనుక గుడియే మట్టి కాలువలోకి దిగింది.

ఇంకొక సంగతి. ఆ కరువు దినములలో సుమారు పదిహేను నెలలు క్లౌగారు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అడిగినవారు వేలమంది ఉన్నారు. కాని బియ్యము కొరకు వచ్చారన్న మాట వారి విశ్వాసమునకు మచ్చ కాకూడదని ఆపివేశారు. చిన్నవారిని త్వరపెట్టక, కరువు తీరువరకు వారితో కూడ ఓర్చుకొన్నారు.

గుండ్లకమ్మలో

సాయంకాలము ఒంగోలుకు ఉత్తరముగా పది మైళ్ల దూరములో ఉన్న వెల్లంపల్లి చేరాము. ఇక్కడ గుండ్లకమ్మ ఏరు పారుతుంది. 1878 జూలై 3వ తేదీన ఈ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్య మనలో చాలామందికి తెలుసు. ఆ దినము ఏటిలోకి దిగి బాప్తిస్మమిచ్చినది ఎవరో తెలిసినవారు తక్కువ.

కరువు సహాయపు డబ్బు అయిపోయింది, మీకివ్వడానికి నా దగ్గర ఏమీ లేదని క్లౌగారు జనముతో ముందే చెప్పారు. వారు కాలువ పనిలో చేతులకు లేచిన బొబ్బలు చూపించి, సహాయము అడుగుటకు రాలేదన్నారు. అప్పుడు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా నీటిలో దిగి బాప్తిస్మమిచ్చారు. ఇద్దరు అలసిపోతే ఇంకొక ఇద్దరు దిగారు. పగలంతా అలా జరిగింది. క్లౌగారు మాత్రము ఏటిలోకి దిగలేదు. ఒక్కరికైనను తన చేతితో బాప్తిస్మము ఇవ్వలేదు. తాను సిద్ధపరచిన వారికి పని అప్పగించి ఒడ్డున నిలిచారు.

ఈ సంగతి చెప్పుకొంటున్నప్పుడు మాలో ఉన్న ఒక యువకుడు నోరు విప్పాడు. చీమకుర్తి గ్రానైటు క్వారీలో పని చేస్తాడు. తండ్రి చనిపోయి రెండేండ్లైంది.

"అయ్యగారూ, ఆ రోజుల్లో ఆదివారం పనికి రామంటే బావి మూశారన్నారు. ఇప్పుడు నేను రానంటే నా చోట ఇంకొకడిని పెట్టుకొంటారు. పొగాకు అప్పు తీరలేదు. చెల్లెళ్లిద్దరు నా మీదే ఉన్నారు. ఎనిమిది నెలలైంది గుడికి వచ్చి. ఈరోజు కూడా కూలి పోగొట్టుకొనే వచ్చాను. నన్నేం చేయమంటారు?" అన్నాడు. కండ్లు ఏటివైపే ఉన్నాయి.

పెద్దలమెవరము వెంటనే జవాబు చెప్పలేదు. ఉదయము కొండ ఎక్కిన అవ్వ అడిగింది:

"పని నుంచి ఇంటికి ఎన్నింటికి వస్తావు నాయనా?"

"ఏడవుద్ది అవ్వా."

"అయితే బుధవారం ఏడున్నరకు మీ ఇంటికి వస్తా. అన్నం తిని కూర్చో. కండ్లు మూతలు పడితే పడుకో, నీ చెల్లెళ్లతో ప్రార్థన చేసి పోతా. ఆదివారం సంగతి దేవుడు చూస్తాడు. నువ్వు మాత్రం ఒంటరివాడినని అనుకోబాక."

మేము ఇల్లు చేరిన వారము నుండి అవ్వ మాట తప్పలేదు. వాన కురిసినా చేతికర్ర పట్టుకొని వెళ్లింది. అతని పని మారలేదు, అప్పు ఇంకా ఉంది. మా సంఘ పెద్దలిద్దరు మేస్త్రీతో మాట్లాడితే నెలకు ఒక ఆదివారము సెలవు దొరికింది. ఇప్పుడు బుధవారము రాత్రి ఆ ఇంట్లో క్వారీ పిల్లలే ఏడెనిమిదిమంది కూడుకొంటున్నారు. వాక్యము చదివి ప్రార్థన నడిపేది ఆ యువకుడే. అవ్వ గడప దగ్గర కూర్చొని ఆమేన్ అంటుంది.

ప్రియ చదువరులారా, మన సంఘములలో యౌవనస్థులు కనబడకపోతే, లోకములో పడిపోయారని త్వరగా తీర్పు తీర్చుచున్నాము. వారు పడినది లోకములోనో, అప్పులోనో, దుఃఖములోనో వెళ్లి అడిగినవారెందరు? మధ్యలో వెనుదిరిగిన మార్కును బర్నబా విడిచిపెట్టక తనతో తీసికొని వెళ్లాడు. తరువాత అదే మార్కు తన పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని పౌలు వ్రాశాడు. తిమోతి విశ్వాసము వెనుక అవ్వయైన లోయి, తల్లియైన యునీకే ఉన్నారు.

చేయవలసినది పెద్ద కార్యక్రమము కాదు. ప్రతి పెద్ద ఒక చిన్నవానిని, ప్రతి తల్లి ఒక ఆడబిడ్డను పేరుపెట్టి ప్రార్థనలో ఎత్తిపట్టవలెను. పరీక్ష తప్పినప్పుడు, సంబంధము చెడినప్పుడు, పంట పోయినప్పుడు పిలువకుండనే వెళ్లవలెను. హైదరాబాదులోనో చెన్నైలోనో పనికి పోయినవారికి వారమునకు ఒకసారి ఫోను చేసి, డబ్బు సంగతి ఎత్తక, క్షేమము అడిగి ప్రార్థించవలెను. వారు నిలబడగలిగినప్పుడు పని వారి చేతికిచ్చి, మనము ఒడ్డున నిలువవలెను.

మీ సంఘములో ఈ నెల కనబడని బిడ్డ ఎవరు? వచ్చే ఆదివారము వరకు ఆగక, ఈ వారములోనే ఆ గుమ్మము తట్టండి. కరువులో మన పితరులను విడువని దేవుడు మీతో కూడ వచ్చును గాక.