చివరివాడు లేని ప్రయాణం



సైకిలు మీద మీరు ఒక్క రోజులో ఎంత దూరం పోగలరు? బడికీ, బజారుకూ కలిపి అయిదారు కిలోమీటర్లు పోతారేమో. అరవై నాలుగేళ్ళ వయసులో నేను ఒక్క రోజులో 200 కిలోమీటర్లు తొక్కాను. ఇది గొప్ప చెప్పుకోవటానికి కాదు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నేను ఆ రోజు ఒక పాఠం నేర్చుకున్నాను. అది మీకు చెప్పాలి.

మా ఇల్లు ఖిలా వరంగల్‌లో, కాకతీయుల కోట లోపలనే వున్నది. అక్కడి రాతి తోరణాల దగ్గరినుంచి ఒక డిసెంబరు ఉదయం ఆరు గంటలకు ఇరవైమందిమి బయలుదేరాము. భువనగిరి కోటదాకా పోయి తిరిగి రావాలి.

ఇటువంటి ప్రయాణాలకు ప్రపంచమంతటా ఒక పద్ధతి వున్నది. దానిని అడాక్స్ అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు సాహసి అని అర్థం. 200 కిలోమీటర్లకు గడువు 13 గంటల 30 నిమిషాలు. ప్రతివారికీ ఒక కార్డు ఇస్తారు. దారిలో చెప్పిన చోటికి గడువులోగా చేరి, దానిమీద ముద్ర వేయించుకోవాలి. ఫ్రాన్సులో పారిస్ నుంచి బ్రెస్ట్‌కు పోయి వచ్చే ప్రయాణం 1891లో పందెంగా మొదలయింది. ఇప్పుడది పందెం కాదు. నాలుగేళ్ళకొకసారి వేలమంది కలిసి, సుమారు 1200 కిలోమీటర్లు 90 గంటలలో తొక్కుతారు.

మేము కూడా ఆ పద్ధతే పాటించాము. "గడువులోగా వచ్చినవాళ్ళంతా సమానమే. రాంకులు లేవు," అన్నాడు మా నాయకుడు. నాకా మాట నచ్చలేదు. రాంకు లేకపోతే కష్టపడేదెవరు అనుకున్నాను.

కాజీపేట, మడికొండ దాటాక ఎదురుగాలి మొదలయింది. అందరం ఒకరి వెనక ఒకరం వరుస కట్టాము. ఎందుకో తెలుసా? వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతే, వెనకవాడికి శ్రమ తగ్గుతుంది. అందుచేత ముందు నడిచే పనిని వంతులు వేసుకున్నాము. అక్కడ ముందుండటం గొప్ప కాదు, బరువు!

జనగామలో ఇడ్లీలు తిన్నాము. ఇత్తడి పనికి పేరుపొందిన పెంబర్తి దాటిన తరువాత నా వెనక చక్రానికి ముల్లు గుచ్చుకున్నది. అందరినీ పొమ్మని, నేనే కొత్త ట్యూబు వేసుకున్నాను. ఆలేరు దాటగానే మళ్ళీ గాలి పోయింది! కాలేజీలో చదివే అమ్మాయి ఒకతె నాకోసం ఆగింది.

"నువ్వు పో బిడ్డా, నీకు ఆలస్యమైతది," అన్నాను.

"గడువులోపల చేరితే చాలు కద సార్!" అంటూ ఆమె టైరు లోపల వేలితో మెల్లగా తడిమింది. ముల్లు మొన అక్కడే వున్నది. "ట్యూబు మార్చేముందు ఇది చూడాలె సార్," అన్నది. ఎన్నేళ్ళు హెడ్మాస్టరుగా చేసినా నాకది తోచలేదు!

భువనగిరి ఒంటిబండ కొండ దూరంనుంచే కనిపించింది. అక్కడి గడువు 12 గంటల 40 నిమిషాలు. మేము చేరేసరికి 12 గంటల 33 నిమిషాలు. పది గంటలకు వచ్చినవాడి కార్డుమీద ఏ ముద్ర వేశారో, నా కార్డుమీదా అదే ముద్ర వేశారు.

ఆ ముద్ర చూడగానే నాకొక పిల్లవాడు జ్ఞాపకం వచ్చాడు. చాలా ఏళ్ళ క్రితం ఒకసారి తరగతిలో రాంకులు చదివి, చివరి రాంకు వచ్చిన ఆ పిల్లవాణ్ణి నిలబెట్టాను. వాడు అన్నిటిలోనూ పాసయినాడు. అంటే గడువులోగా చేరినవాడే. అయినా పిల్లలంతా నవ్వారు. నేను ఆపలేదు. ఆ తరువాత ఏడాదంతా వాడు చెయ్యి ఎత్తి ఒక్క ప్రశ్న అడగలేదు.

తిరుగుదారిలో ఆ అమ్మాయీ నేనూ గాలికి వంతులు వేసుకుంటూ తొక్కాము. చీకటి పడ్డాక దీపాలు వెలిగించుకుని, సాయంత్రం 7 గంటల 12 నిమిషాలకు తోరణాల దగ్గరికి చేరాము. మా వెనక ఎవరూ లేరు. అయినా మమ్మల్ని చివరివాళ్ళని ఎవరూ అనలేదు. ముందే వచ్చినవాళ్ళు మాకోసం వేడి టీతో కాచుకుని వున్నారు.

బాలలూ, సైకిలు ఎక్కితే తలకు హెల్మెట్ పెట్టుకోండి. తోవలో ఎవరికైనా గాలి పోతే ఒక్క పది నిమిషాలు ఆగండి. మీ తరగతిలో వెనకపడ్డవాడి విషయంలోనూ అంతే.

ఆ కార్డు నా బల్లమీదే వున్నది. దానిమీద నా పేరు వున్నది, ముద్రలు వున్నాయి, రాంకు మాత్రం లేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై వుంటాడు. ఎక్కడున్నాడో కనుక్కుని, ఆ కార్డు వాడికి చూపించాలని వున్నది.