ఫీనిక్స్ బేలో ఒక రాత్రి భోజనం

పొద్దువాలే వేళకు ఫీనిక్స్ బే రేవులో నౌకల సందడి కొంత సద్దుమణుగుతుంది. ఆ రేవుకు ఎగువనున్న ఒక తెలుగువారి ఇంట, ఆ సోమవారం నాడు, పొయ్యిమీద ఎసరు మరుగుతున్నది. ఇంటి యజమాని అక్కడి మెరైన్ డాక్‌యార్డులో పనివాడు. శ్రీకాకుళం ప్రాంతంనుండి వచ్చి స్థిరపడిన అనేక కుటుంబాలలో అదొకటి.

చేపలకు కరవులేని ఊరది. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది కాని, బజారులోని చేపల వాసన మారలేదు. అయితే ఆ ఇంటి పెద్దావిడ, భర్త పోయిన నాటినుండి నీచు ముట్టడం మానివేసింది. మొదట పప్పన్నం, తరువాత చారన్నం, ఆపైన ఏవో రెండు ముద్దలు. మనిషి రోజురోజుకు చిక్కిపోతున్నది. కోడలి బెంగ అదే.

పొరుగింటి ఇల్లాలు ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతుంది. వరిగడ్డిని తరిగి, నానబెట్టి, వేడినీట శుద్ధిచేసి, సంచులలో పొరలు పొరలుగా విత్తనం చల్లి చీకటిగదిలో వ్రేలాడదీస్తే, సుమారు మూడు వారాలలో తెల్లని దారాలు గడ్డినంతా అల్లుకుంటాయి. ఆపైన నీళ్లు చిలకరిస్తూ ఉంటే మొగ్గలు పుడతాయి. ద్వీపాల తేమగాలి వాటికి పుట్టినిల్లు వంటిది.

గిన్నెడు పుట్టగొడుగులను చూడగానే, "ఓలమ్మా, కుక్కగొడుగులా!" అన్నది అత్తగారు.

ఆమె భయం ఊరకే పుట్టినది కాదు. చిన్ననాడు, తొలకరి తరువాత చేనిగట్టుమీద ఏరితెచ్చినవి తిని ఆమె చెల్లెలు మరణించింది. ఉడికేటప్పుడు వెల్లుల్లి నల్లబడలేదు కనుక మంచివేనని పెద్దలు పరీక్షించి మరీ పెట్టారట. ఆ పరీక్ష వట్టి నమ్మకం. వెండి చెంచా పరీక్షా అంతే. ప్రాణాంతకమైన జాతులు కొన్ని, తిన్న ఆరుగంటలు దాటితేగాని, ఒక్కొక్కప్పుడు మరునాటికిగాని, తమ గుణం చూపవు. విత్తనమెరిగి పెంచినవాటి సంగతి వేరు.

"ఇవి ఇంట్లో పెంచినవే అత్తా" అన్నది కోడలు.

"అయితే మాత్రం, నీచు కాదా?"

ఈ సందేహమూ పాతదే. మనుస్మృతి ఉల్లి, వెల్లుల్లితోపాటు పుట్టగొడుగునూ ద్విజులకు నిషేధించింది. 1969లో విట్టేకర్ అనే శాస్త్రజ్ఞుడు శిలీంధ్రాలను మొక్కలనుండి విడదీసి వేరొక రాజ్యంగా నిలిపాడు. అవి మొక్కలూ కావు, జంతువులూ కావు. వాటి కణాల గోడలలోని కైటిన్ రొయ్యపెంకులోనూ ఉన్నది. ఈ ముక్క మాత్రం కోడలు అత్తగారి చెవిని వేయలేదు.

పుట్టగొడుగులో నూటికి తొంభైపాళ్లు నీరే. అందుచేత ఆమె వాటిని నానబెట్టక, తుడిచి, చేతితో చీల్చి, వెడల్పు మూకుడులో పెద్దమంటమీద ఉప్పు లేకుండా వేయించింది. ఊరిన నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడిన తరువాతనే ఉల్లి, వెల్లుల్లి, మిరియాలపొడి, ఉప్పు పడ్డాయి. పాస్తా మనుమడి కోరిక. గట్టి గోధుమరవ్వతో చేసే ఆ పదార్థం మన సేమ్యాకు దగ్గరి చుట్టమే. ఉప్పునీట ఉడికించి, కాస్త పలుకుండగానే వార్చి, గరిటెడు గంజి దాచింది. మీగడకు మారుగా చిక్కని కొబ్బరిపాలు పోసింది. అవి తెర్లితే విరుగుతాయి కనుక సన్నని సెగ చాలు. ఆ గంజి కలపగానే అంతా చిక్కబడి పాస్తాను పట్టుకున్నది. ఇల్లంతా కమ్మని వాసన.

మనుమడు పళ్లెం ముందుకు జరిపాడు.

"ఆగరా నాయనా. ముందు నాకెయ్యి" అన్నది ముసలామె.

రెండు చెంచాలు తిన్నది. తిని, గోడగడియారం వైపు చూస్తూ కూర్చున్నది. పావుగంట ఎవరూ మాట్లాడలేదు. ఆరుగంటల సంగతి కోడలు ఎరుగును. అయినా నోరు మెదపలేదు. చల్లారుతున్న మూకుడును మరల సెగమీదికి ఎక్కించింది.

"ఇక పిల్లాడికి పెట్టు" అన్నది అత్తగారు. తన పళ్లెం కూడా కోడలివైపు చాచింది.