జీతాల జోస్యం

భవిష్యత్తును ముందుగా తెలుసుకోవాలనే ఆకాంక్ష మానవునికి సహజం. వర్షాన్ని గురించి, ధరలను గురించి చెప్పే జోస్యాలు ఒకప్పుడు ఫలిస్తాయి, ఒకప్పుడు తప్పుతాయి. న్యూయార్క్ మహానగరంలోని పెద్ద న్యాయవాద సంస్థలు కొత్త పట్టభద్రులకిచ్చే జీతాల విషయంలో మాత్రం జోస్యం సగం సులభం, సగం దుర్లభం. న్యాయశాస్త్రం చదవగోరే మా విద్యార్థులు ఆ అంకెలను అబ్బురంగా చెప్పుకొంటూ ఉంటారు కనుక, వాటి మర్మాన్ని కొంత వివరింపదలచాము.

1968లో క్రవాత్ అనే సంస్థ ప్రారంభ వేతనాన్ని ఏడాదికి 15,000 డాలర్లకు పెంచగా తక్కినవి అనుసరించాయి. కాలక్రమేణా 'క్రవాత్ స్కేలు' అనే మాటే స్థిరపడింది. 2007లో సింప్సన్ థాచర్ 1,60,000 డాలర్లు ప్రకటించింది. 2016లో క్రవాత్ 1,80,000 అన్నది. 2018లో మిల్‌బ్యాంక్ 1,90,000 అన్నది. 2023 నవంబరులో ఆ సంస్థే 2,25,000కు పెంచింది. ప్రతిసారీ పెద్ద సంస్థలలో అధికభాగం అనతికాలంలోనే అదే అంకెను అందుకొన్నాయి.

ఇది ఔదార్యం కాదు. తక్కువ ఇస్తే రెండవ శ్రేణి సంస్థ అని లోకం అనుకొంటుందన్న భయమే దీనికి మూలం. ఉర్దూలో దీనిని 'భేడ్‌చాల్' అంటారు, తెలుగులో గొర్రెదాటు. అంత రాబడి లేని సంస్థలు కూడా ఆ దారి పట్టినప్పుడు, పులిని చూచి నక్క వాత పెట్టుకొన్న సామెత జ్ఞప్తికి వస్తుంది. కనుక ఒకరు పెంచిన పిదప 'ఎంత' అన్నది చెప్పడం తేలిక. మొదట పెంచేది ఎవరు, ఎప్పుడు అన్నదే కష్టం. గత సంవత్సరపు లాభాలు, కంపెనీల విలీనాల జోరు కొంత సూచన ఇస్తాయి. అయినా 2007 నుండి 2016 వరకు తొమ్మిదేళ్ళు ఆ స్కేలు కదలలేదు.

మరొక విశేషం గమనార్హం. ఈ స్కేలు పెరగడమే గాని తరగడం అరుదు. 2008 ఆర్థిక సంక్షోభానంతరం అనేక సంస్థలు అంకెను నిలుపుకొని మనుషులను తగ్గించాయి. చేరవలసినవారిని నెలల తరబడి ఆగమన్నాయి. జీతం నిలిచింది, కొలువు నిలువలేదు. అప్పుచేసి చదివినవారికి ఏ స్కేలూ అక్కరకు రాలేదు.

అమెరికాలో కొత్త న్యాయవాదుల జీతాలను గ్రాఫుగా గీస్తే రెండు కొండలు కనిపిస్తాయి. చిన్న జీతాలవారు ఒక కొండ, పెద్ద సంస్థలవారు దూరాన మరొక కొండ. సగటు జీతం నడుమనున్న లోయలో పడుతుంది. దానిని నిజంగా అందుకొనేవారు బహు కొద్దిమంది. ఫీజు చెల్లించలేని ముద్దాయి పక్షాన ప్రభుత్వ వ్యయంతో వాదించే న్యాయవాది మొదటి కొండకు చెందినవాడు. అతని జీతం పెంచడానికి పోటీపడే సంస్థలు లేవు. అతడు లేకుంటే ఆ నిరుపేదకు దిక్కు లేదు.

విద్యార్థి మిత్రులారా, న్యాయశాస్త్రం తప్పక చదవండి. పెద్ద జీతాన్ని ఆశించడం దోషమని మేము అనడం లేదు. అయితే అంకెను విన్నప్పుడు, అది ఎంతమందికి దక్కుతుంది, ఎన్నాళ్ళు నిలుస్తుంది అని కూడా విచారించండి. అవతలి కొండమీద నిలిచి పేదవాని పక్షాన వాదించేవారు కూడా మీలోనుండే రావాలని మా ఆకాంక్ష.