అగస్టాలో పద్దెనిమిది మజిలీలు

టెలివిజన్‌లో చూసేవారికి అగస్టా నేషనల్ గోల్ఫు మైదానం పచ్చ తివాచీ పరిచినంత చదునుగా కనిపిస్తుంది. వెళ్ళి నడిచినవారి మోకాళ్ళు మాత్రం వేరే కథ చెబుతాయి. క్లబ్బు భవనం ఉన్న మెరకకూ, దిగువన రేస్ క్రీక్ అనే వాగు పారే పల్లానికీ 150 అడుగులకు పైగా ఎత్తు తేడా ఉంది. ఆ పల్లంలోకి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. మధ్యలో చిన్న చిన్న ఎక్కుడు దిగుళ్ళు ఎన్నో!

అగస్టా ఊరు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు తూర్పుగా కారులో రెండున్నర గంటల దూరంలో ఉంది. అట్లాంటా చుట్టుపట్ల మన తెలుగువారు వేలల్లో ఉన్నారు. ఏప్రిల్‌లో పిల్లల దగ్గరకు వెళ్ళిన తల్లిదండ్రులకు, లాటరీలో టిక్కెట్టు తగిలితే, మాస్టర్స్ పోటీకి ముందు జరిగే సాధన రోజులు చూసే అవకాశం దొరుకుతుంది. అక్కడ ఆడటం సభ్యులకు, వారి అతిథులకు, పోటీకి పిలుపు అందుకున్న ఆటగాళ్ళకు తప్ప సాధ్యం కాదు. నడవడం మాత్రం టిక్కెట్టు ఉన్న ఎవరికైనా సాధ్యమే. నేనూ అలా నడిచినవాణ్ణే. రక్తపు పోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు, యాభై దాటినవారు అక్కడ ఒక రోజు ఎలా గడపాలో, ఆటగాళ్ళు ఏ హోలు ఎలా ఆడతారో వరసగా చెబుతాను. మన గోల్కొండ కోట పక్కన ఆడే హైదరాబాదు గోల్ఫర్లకు కూడా ఈ మాటలు పనికొస్తాయి.

ఈ మైదానాన్ని గీసినవాడు ఒక డాక్టరేనంటే మీరు నమ్ముతారా? ఆయన పేరు ఆలిస్టర్ మెకంజీ. బోయర్ యుద్ధంలో బ్రిటిషు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, తరువాత స్టెతస్కోపు పక్కనపెట్టి గోల్ఫు మైదానాలు గీయడంలో పడ్డాడు. గోల్ఫు అలవాటు చేసిన రోగులు మళ్ళీ తన గడప తొక్కడం అరుదని ఆయన వాదన. మహా ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి అగస్టాను తీర్చిదిద్దాడు. 1934 మార్చిలో అక్కడ మొదటి పోటీ జరిగింది. దాన్ని చూడకుండానే ఆ ఏడాది జనవరిలో మెకంజీ కన్నుమూశాడు.

ఆయన వాదనలో కొంత నిజముంది. స్వీడన్‌లో మూడు లక్షల మంది గోల్ఫు ఆటగాళ్ళ వివరాలు పరిశీలిస్తే, అదే వయసు ఇతరులతో పోల్చినప్పుడు వారిలో మరణాల రేటు సుమారు 40 శాతం తక్కువగా కనిపించింది. అలాగని కర్ర పట్టుకోగానే ఆయుష్షు పెరుగుతుందనుకోకండి. ఆరోగ్యం ఉన్నవారే ఈ ఆటకు వస్తారన్న సంగతీ ఉంది కదా! నా మటుకు నాకు, ఇందులో మందు నడకే. బంతి ఆ మందుకు పూసిన తేనె.

ఇక బయలుదేరదాం. హోలు అంటే చివర ఉండే గుంట ఒక్కటే కాదు. మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి ఆ గుంట దాకా ఉన్న దారంతా కలిపి హోలు. 2025 పోటీనాటికి ఇక్కడి పద్దెనిమిది హోళ్ళ పొడవు 7,555 గజాలు, అంటే దాదాపు ఏడు కిలోమీటర్లు. ఒక హోలు నుంచి మరో హోలుకు వెళ్ళే నడక దీనికి అదనం. మాస్టర్స్‌లో ఆటగాళ్ళకు బండి ఉండదు. అందరూ కాలినడకే!

ఒకటో హోలు పేరు టీ ఆలివ్. ఒకప్పుడు ఈ స్థలం ఫ్రూట్‌లాండ్ అనే మొక్కల నర్సరీ. అందుకే ప్రతి హోలుకూ ఒక చెట్టు పేరో, పువ్వు పేరో పెట్టారు. టీ ఆలివ్ పూలు కమ్మని వాసన వేస్తాయి. వృక్షశాస్త్రం ప్రకారం అది మన మల్లె కుటుంబానిదే. పొడవు 445 గజాలు, పార్ నాలుగు. నేర్పరి నాలుగు దెబ్బల్లో బంతిని గుంటలో వేయాలన్నమాట. దారి ముందు పల్లంలోకి దిగి, తరువాత ఎక్కుతుంది. కుడివైపు పెద్ద ఇసుక గుంట ఉంది కనుక తెలివైనవాడు కాస్త ఎడమకు కొడతాడు. ఆడేవారు మొదటి దెబ్బకు ముందు అయిదు నిమిషాలు చురుగ్గా నడిచి, భుజాలు, నడుము నెమ్మదిగా తిప్పి, కర్రను సగం ఊపుతో పదిసార్లు ఊపాలి. చల్లని కండరాన్ని ఒక్కసారిగా మెలిపెడితే నడుము పట్టేస్తుంది.

రెండోది 585 గజాలు, మైదానంలో అన్నిటికన్నా పొడవైనది, కిందికి దిగుతూ ఎడమకు తిరుగుతుంది. దిగుడు సుఖంగా ఉంటుందనుకుంటాం. గుండెకు సుఖమే, మోకాళ్ళకు కాదు. దిగేటప్పుడు తొడ కండరాలు బ్రేకులా పనిచేస్తూ ఒళ్ళంతటి బరువూ ఆపాలి. మర్నాడు తొడలు నొప్పిపుట్టేది అందుకే. అడుగులు చిన్నవిగా వేయండి, మోకాళ్ళు కాస్త వంచి ఉంచండి. మూడోది పొట్టి హోలు, 350 గజాలే. బలం చూపించబోయినవాడు ఇక్కడ భంగపడతాడు. గుంట ఉన్న గ్రీను ఎత్తుమీద, ఇరుకుగా ఉంటుంది. నాలుగో హోలు దగ్గర ఒక తాటి జాతి చెట్టు కనిపిస్తుంది, మైదానం మొత్తంలో ఆ జాతికి అదొక్కటే. మన కోనసీమ మనిషికి దాన్ని చూస్తే ప్రాణం లేచివస్తుంది.

అయిదు మళ్ళీ ఎక్కుడు. 2019లో దీన్ని ఇంకా పొడిగించారు. ఎడమవైపు ఇసుక గుంటలు మనిషి లోతున ఉంటాయి. ఆరోది ఎత్తు నుంచి కిందికి కొట్టే పొట్టి హోలు. గట్టువాలున జనం కూర్చుంటారు, బంతులు తలల మీదుగా వెళతాయి. చక్కని విశ్రాంతి చోటు. నడక మొదలుపెట్టి అప్పటికి గంటన్నర దాటి ఉంటుంది కనుక మధుమేహానికి ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవారు ఇక్కడ ఆగి ఏదైనా తినాలి. చెమట, చేతుల వణుకు, కళ్ళు తిరగడం, అర్థంలేని చిరాకు కనిపిస్తే అది ఎండ అనుకోకండి, చక్కెర పడిపోవడం కావచ్చు. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్ళలు ఉండితీరాలి. ఏడోది చెట్ల నడుమ ఇరుకు సందు, గ్రీను చుట్టూ అయిదు ఇసుక గుంటలు.

ఎనిమిదో హోలు దగ్గర కాసేపు ఆగుదాం. 570 గజాలు, దాదాపు అంతా ఎక్కుడే. దీని పేరు ఎల్లో జాస్మిన్. పేరులో మల్లె ఉన్నా మన మల్లెకు చుట్టం కాదు, విషపు మొక్క. హోమియో మందులు వాడేవారికి జెల్సీమియం అనే పేరు తెలిసే ఉంటుంది, ఆ జెల్సీమియం ఈ తీగే. పూలు అందంగా ఉన్నాయని పిల్లల నోటికి అందనివ్వకండి.

ఈ ఎక్కుడు గుండెకు పరీక్ష. నడుస్తూ పక్కవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే మీ వేగం సరైనది. రెండు మాటలకే ఊపిరి అందకపోతే వేగం తగ్గించండి. మెట్ట ఎక్కేటప్పుడు రొమ్ము మధ్య బరువు పెట్టినట్టు, బిగించినట్టు ఉండి, నిలబడిన రెండు మూడు నిమిషాలకు తగ్గిపోతే, దాన్ని ఆయాసమని కొట్టిపారేయకండి. గుండె కండరానికి రక్తం చాలడం లేదని అది చేసే ఫిర్యాదు. నొప్పి ఎడమ చేతికి, దవడకు, మెడకు పాకవచ్చు. మధుమేహం ఉన్నవారిలో నొప్పే లేకుండా ఆయాసం, చెమట మాత్రమే రావచ్చు. ఇదివరకే డాక్టరు నాలుక కింద పెట్టుకునే మాత్ర రాసి ఉంటే, అది హోటలు గదిలో పెట్టెలో కాదు, చొక్కా జేబులో ఉండాలి.

తొమ్మిదోది దిగి ఎక్కుతుంది. గ్రీను ముందు భాగం ఎంత వాలంటే, కొంచెం తక్కువ కొట్టిన బంతి వెనక్కి దొర్లుకుంటూ వచ్చేస్తుంది. 1996లో గ్రెగ్ నార్మన్‌కు ఇక్కడ ఆ అనుభవమే అయింది. ఈ హోలు ముగిస్తే మళ్ళీ క్లబ్బు దగ్గరికే వస్తారు. అలసిపోయినవారు ఆగదలిస్తే ఇక్కడే ఆగాలి. ఎందుకంటే పదో హోలు వంద అడుగుల పైచిలుకు కిందికి దిగుతుంది. దిగేటప్పుడు హుషారుగానే ఉంటుంది. తిరిగి ఎక్కవలసినవాళ్ళం కూడా మనమేనన్న సంగతి పన్నెండో హోలు దగ్గర గుర్తుకొస్తుంది!

పదకొండు, పన్నెండు, పదమూడు హోళ్ళున్న పల్లపు మూలకు ఆమెన్ కార్నర్ అని పేరు. 1958లో హెర్బర్ట్ వారెన్ విండ్ అనే పత్రికా రచయిత పెట్టిన పేరది. పదకొండులో గ్రీనుకు ఎడమ పక్క నీళ్ళు. అందుకని జాగ్రత్తపరులు కుడివైపుకే ఉంటారు. పన్నెండోది 155 గజాలే, కానీ వాగు మీదుగా కొట్టాలి. చెట్ల మధ్య గాలి సుడులు తిరుగుతూ ఏ క్షణాన ఎటు వీస్తుందో తెలియనివ్వదు. 2016లో జోర్డన్ స్పీత్ మూడు దెబ్బల ఈ హోలుకు ఏడు తీసుకుని గెలవవలసిన పోటీ వదులుకున్నాడు. టైగర్ వుడ్స్ అంతటివాడు 2020లో పది తీసుకున్నాడు. భయం వేసినప్పుడు నాడి వేగం పెరుగుతుంది, పిడికిలి బిగుసుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. దీనికి మందు లేదు. ఊపిరి నిదానంగా, లోపలికి తీసుకున్న దానికంటే ఎక్కువ సేపు బయటికి వదలడమే ఉపాయం.

పదమూడోది అజేలియా. వసంతంలో గట్టంతా గులాబి రంగు పూలే. ఉబ్బసం ఉన్నవారు ఆ పూలకు భయపడతారు గానీ వాటి పుప్పొడిని మోసేది పురుగులు, గాలి కాదు. కార్ల మీద పసుపు చల్లినట్టు పడేది పైన్ చెట్ల పుప్పొడి. అది కళ్ళకు కనిపించినంతగా ఊపిరిని బాధించదు. అసలు దొంగ కంటికి ఆనని ఓక్ చెట్టు పుప్పొడి. ఇన్‌హేలరు వెంట ఉంచుకోండి. ఈ హోలులో నేల ఏటవాలు. బంతి పాదాల కంటే ఎత్తున ఉంటుంది, నడుము వంకరగా తిప్పి కొట్టాలి. వెన్ను నొప్పి ఉన్న ఆటగాడికి ఇది గండం. బాబీ జోన్స్ కథ ఇక్కడ చెప్పాలి. 1948 తరువాత ఆయన ఒక్క రౌండు కూడా ఆడలేదు. చేతులు మొద్దుబారడం, కాళ్ళు బలహీనపడటం. వెన్నుపాములో నీటితిత్తి ఏర్పడే సిరింగోమైలియా అనే జబ్బని 1956లో తేలింది. చివరికి చక్రాల కుర్చీకి పరిమితమై 1971లో మరణించాడు. అది అరుదైన జబ్బే. అయినా నడుము నొప్పితో పాటు తిమ్మిరి గానీ, పట్టు తప్పడం గానీ ఉంటే నూనె మర్దనాలతో నెలలు గడపకండి. నరాల వైద్యుణ్ణి చూడండి.

పద్నాలుగులో ఇసుక గుంట ఒక్కటీ లేదు, గ్రీను మాత్రం అలలు అలలుగా ఉంటుంది. పదిహేనులో గ్రీను ముందు చెరువు. రెండో దెబ్బకే దాన్ని దాటించాలా, ఆగి మూడో దెబ్బకు దాటించాలా అన్నదే అక్కడి మీమాంస. పదహారులోనూ నీళ్ళే. 1986లో జాక్ నిక్లాస్ ఇక్కడ బంతిని గుంట పక్కనే వేసి ఆ పోటీ గెలిచాడు. అప్పటికి ఆయనకు 46 ఏళ్ళు.

పదిహేడో హోలులో ఒకప్పుడు ఐసెన్‌హోవర్ చెట్టు అనే పైన్ వృక్షం ఉండేది. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఈ క్లబ్బు సభ్యుడు. తన బంతులన్నీ దానికే తగులుతున్నాయని, కొట్టించేయమని 1956లో సభ్యుల సమావేశంలో అడిగాడట. అధ్యక్షత వహించినవాడు సభనే ముగించేశాడట! 2014 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు దెబ్బతిన్నాక ఆ చెట్టును తీసేశారు. 2023 పోటీలో గాలివానకు ఈ హోలు దగ్గరే పెద్ద చెట్లు జనం పక్కన పడ్డాయి. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు. సైరను మోగితే చెట్టు కింద నిలబడకుండా వెళ్ళిపోవాలి.

ఐసెన్‌హోవర్ గురించి నేను చెప్పదలచింది చెట్టు సంగతి కాదు. 1955 సెప్టెంబరులో ఆయన డెన్వర్‌లో 27 హోళ్ళు ఆడాడు, మధ్యలో పచ్చి ఉల్లిపాయతో హాంబర్గరు తిన్నాడు. కడుపులో ఇబ్బంది అనిపిస్తే ఉల్లిపాయ మీద నెపం పెట్టాడు. ఆ రాత్రి వచ్చిన నొప్పి గుండెపోటు. మొదట బయటికి చెప్పిందీ అజీర్ణమనే! మన ఇళ్ళల్లో "గ్యాసు నొప్పి, సోడా తాగితే పోతుంది" అనడం వింటూనే ఉంటాం. దేశాధ్యక్షుడే అలా అనుకున్నప్పుడు మనమెంత? రొమ్ములో నొప్పి విశ్రాంతి తీసుకున్నా అయిదారు నిమిషాల్లో తగ్గకపోతే, చెమటలు పడితే, సోడా కోసం వెతకకండి. అక్కడైతే 911, మన రెండు రాష్ట్రాల్లో 108. పోటీ మైదానంలోకి సెల్‌ఫోను తేనివ్వరు కనుక దగ్గరలో ఉన్న సిబ్బందిని పిలవండి.

ఆయనకు వైద్యం చేసినవారిలో బోస్టన్ నుంచి వచ్చిన డాక్టర్ పాల్ డడ్లీ వైట్ ఒకరు. గుండెపోటు వచ్చినవాణ్ణి మంచానికి అతికించేసే రోజులవి. వైట్ మాత్రం నడవమనే రకం. 1956 ఫిబ్రవరికల్లా ఐసెన్‌హోవర్ మళ్ళీ గోల్ఫు ఆడాడు. నవంబరులో ఎన్నికా గెలిచాడు. ఈ రోజుల్లో గుండెపోటు తరువాత నడక చికిత్సలో భాగం. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత దూరమో, మెట్టలు ఎక్కవచ్చో లేదో మీ గుండె డాక్టరు పరీక్ష చేసి చెప్పాలి. పక్కింటివారి అనుభవాన్నిబట్టి లెక్క వేసుకోకండి.

పద్దెనిమిదోది 465 గజాలు. చెట్ల మధ్య ఇరుకు సందులోంచి కొట్టి, ఎడమవైపు ఉన్న రెండు ఇసుక గుంటలు తప్పించుకుని, సుమారు డెబ్బయి అడుగులు ఎక్కాలి. 2021 ఫిబ్రవరిలో కారు ప్రమాదంలో కాలు విరిగిన టైగర్ వుడ్స్ 2022 ఏప్రిల్‌లో ఇక్కడ నాలుగు రోజులూ ఆడాడు. బంతి కొట్టడం కాదు, నడకే కష్టమని ఆయనే అన్నాడు. ఆ చివరి మెట్ట మీద ఆయన కుంటుతూ రావడం ప్రపంచమంతా చూసింది. మీరు దాన్ని రెండు మూడు చోట్ల ఆగి ఎక్కండి. పైకి చేరగానే కూలబడకుండా రెండు నిమిషాలు మెల్లగా అటూ ఇటూ తిరగండి, నీళ్ళు గుక్కగుక్కగా తాగండి. కారెక్కాక బూట్లు, మేజోళ్ళు విప్పి పాదాలు వేళ్ళ సందులతో సహా చూసుకోండి. మధుమేహులకు బొబ్బ లేచినా నొప్పి తెలియకపోవచ్చు. ఎర్రబడిన చోటు కనిపిస్తే ఆ బూట్లు మర్నాడు తొడగవద్దు.